చేదు నారింజ రుచి ఉన్న గొంతు



ఇవాళ నేను చెప్పబోయే గాయని పాటను మీకు వినిపించే వీలు లేదు. మన స్టేషన్ లైబ్రరీలో లేకపోవడం వల్ల కాదు, అది ఎక్కడా లేదు. ఫ్రెంచి మెజ్జో-సొప్రానో పోలీన్ వియార్దో 1910 మే 18న పారిస్‌లో కన్నుమూశారు. అప్పటికే గ్రామఫోను ఇళ్లలోకి వచ్చేసింది, గాయకుడు కరూసో రికార్డులు బాగా అమ్ముడుపోతున్నాయి. ఈమె గొంతు మాత్రం మనకు తెలిసిన ఏ రికార్డులోనూ లేదు. ఉన్నా పెద్ద లాభం ఉండేది కాదేమో. అప్పటికి ఆమె వయసు 88 ఏళ్లు, పారిస్ వేదికకు సెలవు చెప్పి 47 ఏళ్లు దాటింది.

అందుకని విన్నవాళ్ల మాటే మనకు ఆధారం. విన్నవాళ్లు కూడా సామాన్యులు కారు. స్వరకర్తలు షోపాన్, లిస్ట్, బెర్లియోజ్, వాగ్నర్, పియానో విద్వాంసురాలు క్లారా షూమన్, నవలా రచయితలు చార్లెస్ డికెన్స్, తుర్గేనెవ్. చిన్న వయసు నుంచే ఆమెను ఎరిగిన స్వరకర్త కమీల్ సాన్‌సాన్స్ ఆ గొంతును వర్ణిస్తూ, అది పట్టులా మెత్తనిదీ కాదు, గాజులా స్వచ్ఛమైనదీ కాదు, కాస్త గరుకు గొంతు, చేదు నారింజపండు రుచిలాంటిది అన్నారు. ఒక గాయనికి ఇది పొగడ్తేనా అనిపిస్తుంది. ఆయన దృష్టిలో పొగడ్తే. విషాదానికీ పురాణపాత్రలకీ ఆ గరుకుతనమే పనికొచ్చిందని ఆయన అభిప్రాయం. నాకూ అదే సరైన మాట అనిపిస్తుంది. తీయని గొంతు ఉన్నవాళ్లు ఆ కాలంలో డజన్లకొద్దీ ఉన్నారు. వాళ్లలో చాలామంది పేర్లు ఇవాళ సంగీత చరిత్రకారులకు తప్ప ఎవరికీ పట్టవు. ఈమె పేరు మీద మాత్రం పాత్రలు మిగిలాయి.

ఆ పాత్రల సంగతి అర్థం కావాలంటే ఒపేరా అలవాటు లేనివారి కోసం ముందు ఒక విషయం చెప్పాలి. మన కచేరీలో శ్రుతి పాడేవారి ఇష్టం. ఐదున్నర అందకపోతే ఐదు, అదీ బరువైతే నాలుగున్నర. పక్కన కూర్చున్న వయొలిన్ విద్వాంసుడు ఆ శ్రుతికే తీగలు సవరించుకుంటాడు. ఒపేరాలో ఆ వెసులుబాటు తక్కువ. పెద్ద వాద్యబృందం వేదిక ముందు కూర్చుని, స్వరకర్త కాగితం మీద ఏ ఎత్తులో రాస్తే ఆ ఎత్తులోనే వాయిస్తుంది. మైకు ఉండదు. ఆ వాద్యాల హోరును దాటి చివరి వరస దాకా గొంతు చేరాలి. అందుకే అక్కడ ముందు గొంతు తరగతి చూస్తారు, తరవాతే పాత్ర. ఆడగొంతుల్లో అన్నిటికన్నా పైన సంచరించేది సొప్రానో, అడుగున కాంట్రాల్టో, నడిమిది మెజ్జో-సొప్రానో. ప్రేమించేదీ, చివరి అంకంలో ప్రాణం వదిలేదీ ఎక్కువగా సొప్రానోయే. మెజ్జోకి మిగిలేది దాది, చెలికత్తె, మంత్రగత్తె, కాకపోతే నాయికకు పోటీ వచ్చే రెండో ఆడమనిషి. రోసినీ కాలంలో లోతైన ఆడగొంతులు మగవేషం కట్టి వీరుల పాత్రలు పాడేవి. 1830లు వచ్చేసరికి ఆ వీరులందరూ టెనర్ల, అంటే పైస్థాయి మగగొంతుల, పరమైపోయారు. అంటే పోలీన్ వేదిక ఎక్కే వేళకి ఆమె గొంతుకి తగిన పెద్ద పాత్రలు దాదాపు లేవు.

ఆమె పారిస్‌లోనే పుట్టారు, 1821 జూలై 18న. తల్లిదండ్రులు స్పెయిన్ నుంచి వచ్చిన గాయకులు, ఇంటిపేరు గార్సియా. తండ్రి మాన్యుయేల్ గార్సియా గొప్ప టెనర్. 1816లో రోమ్‌లో రోసినీ ‘బార్బర్ ఆఫ్ సెవిల్’ మొదటిసారి ఆడినప్పుడు అల్మావీవా ప్రభువు వేషం ఆయనదే. తండ్రి పేరే పెట్టుకున్న అన్న మాన్యుయేల్, చిన్న అద్దాల సాయంతో పాడుతున్న గొంతు లోపల ఏం జరుగుతోందో 1854లో స్వయంగా చూశారు. ఇవాళ గొంతు డాక్టర్లు వాడే పరీక్షకు మూలం అదే. ఆయన 101 ఏళ్లు బతికారు. ఇక అక్క మరియా మాలిబ్రాన్. పోలీన్ కన్నా పదమూడేళ్లు పెద్ద. ఆ తరం ఐరోపాలో ఆమె పేరు చెబితే జనం వెర్రెత్తిపోయేవారు.

1825లో తండ్రి ఈ సంసారాన్నంతా ఓడ ఎక్కించి న్యూయార్క్ తీసుకెళ్లారు. ఆ నగరానికి ఇటాలియన్ భాషలో పూర్తి ఒపేరాలు చూపించింది ఈ కుటుంబమే. మొజార్ట్‌కి ‘డాన్ జొవాన్నీ’ కథ రాసిచ్చిన లొరెంజో ద పోంతె అప్పటికి ముసలివాడై న్యూయార్క్‌లోనే ఉన్నారు. తాను రాసిన ఆ ఒపేరాను అమెరికాలో గార్సియాలు ఆడగా ఆయన చూశారు. అక్కడినుంచి గార్సియాలు మెక్సికో వెళ్లారు. అక్కడ సంపాదించిందంతా మూట కట్టుకుని రేవుకు వస్తుంటే దారిలో దొంగలు పడి దోచుకున్నారు. దోచుకున్నాక గార్సియా చేత పాట కూడా పాడించుకున్నారని కథ ఒకటుంది. తిరుగు ప్రయాణంలో ఓడ మీద, పియానో లేకుండా, తండ్రి చిన్న చిన్న పాటలు కట్టి నేర్పించేవారని పోలీన్ తరవాత చెప్పుకున్నారు. గార్సియా పాఠం అంటే దెబ్బలతో కూడిన పాఠమని ఊరంతా చెప్పుకునేవారు. పెద్దకూతురు ఆ దెబ్బలు తిన్నది. చిన్నకూతురి దగ్గర మాత్రం ఆయన మెత్తబడ్డారు.

పోలీన్‌కి పాట మీద కన్నా పియానో మీద మనసు. కొన్నాళ్లు ఆమెకు పాఠం చెప్పింది ఫ్రాంజ్ లిస్ట్. స్వరరచన నేర్పింది అంటోన్ రైహా. పియానో విద్వాంసురాలు అవుదామనే అనుకున్నారు, అయ్యేవారు కూడా. 1832లో తండ్రి పోయారు. 1836లో మరియా మాలిబ్రాన్ గుర్రం మీంచి పడ్డారు. దెబ్బను లెక్కచేయకుండా పాడుతూనే ఉండి, సెప్టెంబరులో మాంచెస్టర్‌లో చనిపోయారు. వయసు 28 ఏళ్లు. ఆ ఇంట్లో అక్క స్థానం ఖాళీ అయింది. పియానో కట్టిపెట్టి పాట పట్టమని తల్లి ఆజ్ఞ. పోలీన్‌కి అప్పుడు పదిహేనేళ్లు. ఆ ఆజ్ఞ ఆమెకు చివరిదాకా ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

మరి ఆ పియానో చదువు వృథా పోయిందా అంటే, పోలేదు. పాడేవాళ్లు సాధారణంగా తమ వరస వరకే చూసుకుంటారు. ఆమె వాద్యబృందం వాయించే పుట మొత్తాన్నీ చదవగలిగేవారు, అంటే స్వరకర్త బుర్రలో ఏం నడుస్తోందో ఆమెకు తెలిసేది. ఆ తరవాతి కథంతా ఇక్కడినుంచి వచ్చిందే.

1837 డిసెంబరులో బ్రసెల్స్‌లో మొదటి కచేరీ. 1839లో లండన్‌లో మొదటి ఒపేరా, రోసినీ ‘ఓతెల్లో’లో డెస్డెమోనా. అది అక్కకు పేరు తెచ్చిన పాత్రల్లో ఒకటి. అక్క చనిపోయి మూడేళ్లు నిండలేదు. వచ్చినవాళ్లు చెల్లెలి పాట వింటున్నారా, అక్క పోలిక వెతుకుతున్నారా అన్నది తేల్చడం కష్టం. మంద్రం నుంచి తారం దాకా మూడు స్థాయిలు పలికే గొంతు, స్పష్టమైన ఉచ్చారణ, గమకాల్లో వేగం, అన్నీ అప్పటికే ఉన్నాయి. అందం లేదన్నారు. ఆమె ముఖం గురించి ఆనాటి పత్రికలవాళ్లు రాసిన మాటలు ఇవాళ చదివితే చిరాకు పుడుతుంది, అవి వదిలేద్దాం. అదే ఏడు పారిస్‌లో పాడినప్పుడు కవి ఆల్‌ఫ్రెడ్ ద మ్యూసె ఆమె మీద వ్యాసం రాశారు, పెళ్లి ప్రస్తావన కూడా తెచ్చారు. నవలా రచయిత్రి జార్జ్ సాండ్ అడ్డుపడి, ఆ కవిగారి సంగతి నాకు తెలుసు, నా మాట విని లూయీ వియార్దోని చేసుకో అన్నారు. సాండ్‌కి నిజంగానే తెలుసు, మ్యూసెతో ఆవిడ అప్పటికే పడవలసినంత పడ్డారు.

లూయీ వియార్దో పారిస్‌లో ఇటాలియన్ ఒపేరా నాటకశాలకు డైరెక్టరు, ‘డాన్ కిహోతె’ను ఫ్రెంచిలోకి అనువదించిన రచయిత, రాచరికం అంటే గిట్టని మనిషి, ఆమె కన్నా 21 ఏళ్లు పెద్ద. 1840 ఏప్రిల్‌లో పెళ్లయింది. ఆయన తన ఉద్యోగం వదిలేసి భార్య కచేరీల వ్యవహారం చూసుకున్నారు. ఆ కాలంలో అలా చేసిన భర్తలు ఎందరున్నారు? జార్జ్ సాండ్ ఈ పడుచు గాయనిని చూసే ‘కోన్స్యువెలో’ అనే పెద్ద నవల రాశారు. ఆ నవల ఐరోపా అంతా చదివింది. మనిషికి ఇరవై రెండేళ్లు నిండే సరికే కథానాయిక అయిపోయారు.

పేరు ఇంత వచ్చినా, పుట్టిన ఊళ్లో పెద్ద వేదిక మాత్రం దొరకలేదు. పారిస్ ఒపేరాలో అప్పుడు రోజీన్ స్తోల్ట్స్ అనే మరో ఫ్రెంచి మెజ్జో రాణిగా ఉన్నారు. డైరెక్టరు లెయోఁ పిల్లే ఆవిడ చెప్పినట్టు వినేవాడు. అక్కడ ఇంకో మెజ్జో అడుగుపెట్టే ప్రసక్తి లేదు. దానికి తోడు లూయీ వియార్దో రాజకీయాలు. వాకిలి మూసుకుంది కాబట్టి ఆమె ఊళ్లు తిరిగారు. వియెన్నా, బెర్లిన్, లండన్. 1843 చలికాలంలో సెయింట్ పీటర్స్‌బర్గ్. అక్కడ ‘బార్బర్ ఆఫ్ సెవిల్’లో సంగీతం పాఠం చెప్పే ఘట్టం వస్తుంది, ఆ చోట గాయని తనకిష్టమైన పాట పాడుకోవచ్చు. ఆమె అల్యాబ్యెవ్ కట్టిన రష్యన్ పాట, నైటింగేల్ పిట్ట మీద పాట, రష్యన్‌లోనే పాడారు. హాలు దద్దరిల్లింది. ఆ హాలుకు రోజూ వచ్చినవారిలో పాతికేళ్ల జమీందారీ కుర్రవాడు ఇవాన్ తుర్గేనెవ్ ఒకడు. అతని సంగతికి తరవాత వస్తాను.

1847లో పారిస్ ఒపేరా చేతులు మారింది. కొత్త యజమానులకు ఆ రోజుల్లో అందరికన్నా డిమాండు ఉన్న స్వరకర్త జాకొమో మేయర్‌బేర్ కొత్త రచన కావాలి. ఆయన ఒకదాన్ని ఏళ్ల తరబడి సొరుగులో పెట్టుకుని కూర్చున్నారు. కావలసిన గాయకులు దొరికితేనే ఇస్తానన్నారు, అందులో మొదటి పేరు పోలీన్ వియార్దో. ఆ ఒపేరా ‘ల ప్రొఫేత్’, అంటే ప్రవక్త. 1849 ఏప్రిల్ 16న తెర లేచింది.

కథ పదహారో శతాబ్దంలో జర్మనీది. లైడెన్ ఊరి సత్రం నడిపే జాన్ అనే కుర్రవాణ్ణి ఒక మతవర్గంవాళ్లు చేరదీసి ప్రవక్తను చేస్తారు. మ్యూన్‌స్టర్ నగరాన్ని పట్టుకుని రాజుగా పట్టం కడతారు. ప్రవక్త అంటే దేవుడి బిడ్డ, మనుషులకు పుట్టినవాడు కాడు. పట్టాభిషేకం నాడు ఆ నగరపు పెద్ద చర్చిలో, వేల జనం మధ్య, కొడుకు కోసం బిచ్చమెత్తుకుంటూ వచ్చిన తల్లి ఫిదెస్ అతన్ని చూసి నా కొడుకే అంటుంది. అవునంటే కొడుకును చంపేస్తారు. అతను ఈమె ఎవరో నాకు తెలియదంటాడు, ఈమెకు మతి చలించిందంటాడు. చుట్టూ కత్తులు దూసి ఉన్నాయి. తల్లికి పరిస్థితి అర్థమవుతుంది. లేదు, నేనే పొరపాటు పడ్డాను, ఇతను నా కొడుకు కాడు అని తన నోటితో తానే చెబుతుంది.

ఆ ఒపేరాలో ప్రేమకథ ఉంది, సొప్రానో ఉంది, కానీ అసలు కథ తల్లిది. ఆ తల్లి మెజ్జో. ఇరవై ఏడేళ్ల పోలీన్ ముసలి తల్లి వేషం కట్టారు. వయసులో ఉన్న ఏ తార ఒప్పుకుంటుంది? ఆ వేషం కోసమే మేయర్‌బేర్ ఆమెతో కూర్చుని వరసలు సరిచేసుకున్నారు. మంద్రంలో ఏడ్చే గొంతు చివరి అంకంలో చెరసాలలో తారాన్ని అందుకుంటూ శపిస్తుంది, వెంటనే క్షమిస్తుంది. వేదిక మీద సూర్యోదయం చూపించడానికి కరెంటు దీపం వాడిన ఆ ఒపేరాలో, చక్రాల బూట్లతో నృత్యం చేసిన ఆ ఒపేరాలో, జనం ఇంటికి వెళ్లి మాట్లాడుకున్నది మాత్రం ఫిదెస్ గురించే. ఆ వేసవిలోనే లండన్‌లో ఆడారు, ఆపైన ఐరోపా అంతటా ఏళ్ల తరబడి. నాలుగేళ్లకు వెర్డీ ‘ఇల్ త్రొవతోరె’ రాశారు, అందులో అసుచేన అనే జిప్సీ తల్లి మెజ్జో. దానికి ఫిదెస్ దారి వేసిందని చాలామంది అంటారు. 1855లో లండన్‌లో ఆ అసుచేనను పాడింది కూడా పోలీనే.

1849 అక్టోబరు 30న షోపాన్ అంత్యక్రియలకు పారిస్‌లోని మదలేన్ చర్చిలో మొజార్ట్ ‘రిక్వియం’ పాడినవారిలో ఆమె ఉన్నారు. ఇద్దరిదీ చాలాకాలం స్నేహం. ఆయన మజుర్కాలు అనే పియానో రచనలు కొన్నిటికి మాటలు పెట్టి పాటలుగా మార్చుకుని, 1848లో లండన్‌లో పాడారు కూడా. పియానో రచనను గొంతులోకి ఎత్తుకోవడం పాటగత్తెలకు తోచే పని కాదు, పియానిస్టుకి తోచే పని. ఆ తరవాత ఒక ఊరూ పేరూ లేని స్వరకర్త వచ్చారు, చార్ల్ గూనో. నువ్వు ఒపేరా రాయి, నేను పాడతాను అని పోలీన్ మాట ఇచ్చారు. ‘సాఫో’ 1851లో వేదిక ఎక్కింది. పెద్దగా ఆడలేదు. కానీ గూనోకి తలుపు తెరుచుకుంది. ఆపైన ఆయన ‘ఫౌస్ట్’ రాశారు.

ఇందాక శ్రుతి మాట చెప్పాను కదా. 1859లో డబ్లిన్‌లో ఆమె వెర్డీ ‘మాక్‌బెత్’లో లేడీ మాక్‌బెత్ పాడారు. బ్రిటిష్ దీవుల్లో ఆ ఒపేరాకి అదే మొదటి ప్రదర్శన. ఆ పాత్ర వెర్డీ రాసింది సొప్రానో ఎత్తులో. ఆమె సంగీత దర్శకుడు అర్దీతికి ముందే ఉత్తరం రాసి, ఏ పాట ఎంత దించాలో, ఎక్కడ ఎలా అతకాలో లెక్క వేసి పంపారు. ఒపేరాలో శ్రుతి మార్చుకోవడం తేలిక కాదన్నాను, ఈవిడ లెక్కలు వచ్చిన మనిషి కాబట్టి సాధించుకున్నారు. తమాషా ఏమిటంటే, లేడీ మాక్‌బెత్‌కి అందమైన గొంతు పనికిరాదని, గరుకుగా, చీకటిగా ఉండాలని వెర్డీ పదకొండేళ్ల ముందే ఒక ఉత్తరంలో రాసుకున్నారు. ఆయన కోరిన గొంతు ఇదే.

అదే ఏడు నవంబరు 18న, పారిస్ తెఆత్ర్ లిరిక్‌లో ఆమె జీవితంలో పెద్ద రాత్రి. గ్లుక్ ఒపేరా ‘ఓర్ఫే’. ఓర్ఫే గాయకుడు. చనిపోయిన భార్య యురిదీస్ కోసం పాతాళానికి వెళతాడు. పాటతోనే యముడి వాకిలి కాపలాదారులను కరిగిస్తాడు. వెనక్కి తిరిగి చూడకూడదన్న షరతు తప్పి, ఆమెను మళ్లీ పోగొట్టుకుంటాడు. 1762లో వియెన్నాలో గ్లుక్ దీన్ని పేడిగాయకుడు గ్వదాన్యి కోసం రాశారు. అంటే బాల్యంలోనే శస్త్రచికిత్స చేసి, గొంతు మారకుండా నిలిపిన మగవాడి కోసం. 1774లో పారిస్‌కి వచ్చేటప్పుడు ఎత్తైన టెనర్‌కి మార్చారు. 1859 నాటికి ఒపేరా వేదికల మీద ఆ మొదటి రకం గాయకులు లేరు, ఆ రెండో రకం టెనర్లూ లేరు. ఒపేరా మూలపడింది. బెర్లియోజ్ రెండు ప్రతులూ ముందు పెట్టుకుని, పోలీన్ గొంతుకు సరిపోయేలా మూడో ప్రతి తయారుచేశారు. అప్పటికి ఆమెకు 38 ఏళ్లు, గొంతు పై అంచు అరగడం మొదలైంది. ఆమెకేం పలుకుతుందో, ఏం పలకదో బెర్లియోజ్‌కి తెలుసు. ఆమెకింకా బాగా తెలుసు.

యురిదీస్‌ను రెండోసారి పోగొట్టుకున్నాక ఓర్ఫే పాడే పాటలో పల్లవి మూడుసార్లు వస్తుంది. మాటలవే, వరస అదే. మొదటిసారి నిశ్చేష్టురాలై, కదలకుండా, గొంతు పైకి రానట్టు పాడేవారు. రెండోసారి ఇంకా లోగొంతుకలో, కన్నీళ్లు అడ్డుపడుతున్నట్టు. మూడోసారి కట్ట తెగి. మన గాయకులు ఒకే పంక్తికి నెరవు పాడేటప్పుడు స్వరాలు మారుస్తారు, ఈమెకు స్వరం మార్చే హక్కు లేదు, భావమే మార్చాలి. పేడిగాయకుల కాలం నాటి పాత ఒపేరా పారిస్‌లో వంద రాత్రులు దాటి ఆడింది. 1862లో చార్లెస్ డికెన్స్ చూసి కన్నీరు పెట్టుకున్నారు. కష్టాల కథలు రాసి దేశాన్ని ఏడిపించిన మనిషి!

ఆ మధ్యలోనే, 1860లో, రిచర్డ్ వాగ్నర్ పారిస్‌లో ఉన్నారు. ఆయన ఒపేరా ‘ట్రిస్టన్’లో రెండో అంకం ఇంకా ఎవరూ వేదిక మీద పాడలేదు. పోలీన్ ఇంట్లో, ట్రిస్టన్ పాత్ర స్వయంగా వాగ్నర్, ఇసోల్డ పాత్ర ఆమె. వింటున్నది ఇద్దరే ఇద్దరు, ఒకరు బెర్లియోజ్. ఆ సంగీతం చూసిన గాయకులే ఇది పాడేది కాదని పారిపోతున్న రోజులవి. ఆమె కాగితం చూసి పాడేశారు.

కానీ గొంతు నిలవలేదు. సొప్రానో పాత్రలూ పాడారు, కాంట్రాల్టో పాత్రలూ పాడారు, నడిమి గొంతును రెండు వైపులా లాగారు. అన్నీ పాడాలనుకుని గొంతు పాడుచేసుకున్నాను, మీరు నాలా చేయకండి అని శిష్యులకు చెప్పేవారట. బెర్లియోజ్ తన మహాకావ్యం ‘ట్రోజన్లు’ రాసేటప్పుడు పియానో ప్రతిలో ఆమె సాయం తీసుకున్నారు, సలహాలు అడిగారు. 1863లో అది వేదిక ఎక్కేసరికి దీదో పాత్ర మరో గాయనికి వెళ్లింది. కళ విషయంలో బెర్లియోజ్ చేసింది సబబే కావచ్చు. మనిషిగా ఆలోచిస్తే చివుక్కుమంటుంది. అదే ఏడు ఆమె పారిస్ వేదికకు సెలవు చెప్పి, సంసారంతో జర్మనీలోని బాడెన్-బాడెన్‌కి తరలిపోయారు. అప్పటికి వయసు నలభై దాటిందంతే.

సంగీతచరిత్ర పుస్తకాల్లో ఆమె అధ్యాయం ఇక్కడ ఆగిపోతుంది, అది నాకు నచ్చదు. 1870 మార్చి 3న యేనా నగరంలో స్వరకర్త బ్రామ్స్ ‘ఆల్టో రాప్సొడీ’ మొదటిసారి పాడింది ఆమే. ఒంటరివాడి వేదన, వెనకాల మగవాళ్ల బృందగానం. కిందిస్థాయి ఇంకా నిలిచి ఉన్న గొంతుకి కొలిచినట్టు సరిపోయే రచన. ఆ ఏడాదే ఫ్రాన్స్, ప్రష్యా యుద్ధం వచ్చి బాడెన్ వదలాల్సి వచ్చింది. లండన్ మీదుగా పారిస్ చేరారు. 1873లో ఇంకా పేరు రాని స్వరకర్త మాస్‌నే రచన ‘మరీ-మగ్దలేన్’కి ముఖ్య గాయనిగా నిలబడ్డారు. సాన్‌సాన్స్ ‘సాంసన్, దలీలా’ ఆమెను ఊహించుకుంటూ మొదలుపెట్టి, ఆమెకే అంకితమిచ్చారు. బైబిలు కథను ఒపేరా వేదిక మీద ఆడడమేమిటని పారిస్‌వాళ్లు మొహం తిప్పుకున్నారు. 1874లో క్రువాసీలో స్నేహితుల ఇంట్లో, ఒపేరా డైరెక్టరును పిలిపించి కూర్చోబెట్టి, రెండో అంకం తానే ఏర్పాటు చేసి తానే దలీలాగా పాడారు. 53 ఏళ్ల దలీలా! డైరెక్టరు విన్నాడు, వెళ్లాడు, ఒప్పుకోలేదు. చివరికి లిస్ట్ పూనుకుంటే 1877లో వైమార్‌లో, జర్మన్ భాషలో తెర లేచింది. దలీలాను వేరే గాయని పాడారు. ఇవాళ ప్రపంచంలో ప్రతి మెజ్జో నేర్చుకునే పాత్ర అది.

తుర్గేనెవ్ సంగతి చెబుతానన్నాను. రష్యన్ నవలలు తెలుగులో చదువుకున్నవారికి ఆ పేరు పరిచయమే. 1843 నుంచి 1883లో చనిపోయేదాకా, నలభై ఏళ్లు ఆయన ఆ కుటుంబం చుట్టూనే ఉన్నారు. వాళ్లు బాడెన్ వెళితే ఆయనా వెళ్లారు, లండన్ వెళితే లండన్, పారిస్ వస్తే అదే ఇంట్లో పై అంతస్తు. లూయీ వియార్దోతో కలిసి వేటకు వెళ్లేవారు, రష్యన్ పుస్తకాలను కలిసి ఫ్రెంచిలోకి తెచ్చేవారు. రష్యాలో పుట్టిన తన కూతుర్ని పోలీన్ పిల్లలతో పాటు పెరగమని అక్కడికే పంపారు. ఆ బంధం ఏమిటన్న ప్రశ్న మీద గ్రంథాలు వచ్చాయి. దానికి జవాబు తెలిసినవాళ్లు ముగ్గురు, ముగ్గురూ నోరు విప్పలేదు, మనకెందుకు? నా ఫిర్యాదు ఒకటే. ఆమె గురించి ఏ వ్యాసం తిరగేసినా తుర్గేనెవ్ ప్రియురాలు అని మొదలవుతుంది. ఆయన మీద రాసేటప్పుడు వియార్దోగారి ఒపేరాలకు మాటలు రాసిన కవి అని ఎవరూ మొదలుపెట్టరు. నిజానికి అదీ జరిగింది. 1867లో బాడెన్‌లో ఇంటి వేదిక మీద ఆడిన ‘ఆఖరి మాంత్రికుడు’ అనే చిన్న ఒపేరాకి సంగీతం ఆమెది, మాటలు తుర్గేనెవ్‌వి. పిల్లలూ శిష్యులూ పాత్రలు. ప్రష్యా రాణి వచ్చి చూసేవారు.

1883 మేలో భర్త పోయారు, సెప్టెంబరులో పారిస్ దగ్గర బూజివాల్‌లో తుర్గేనెవ్ పోయారు. చివరి వేసవిలో కలం పట్టే ఓపిక లేక ఆయన ఒక కథ ఫ్రెంచిలో చెబితే ఆమె రాసుకున్నారు. కుర్రతనంలో తానెక్కిన ఓడ తగలబడిన కథ.

ఆమె దగ్గర ఒక నిధి ఉండేది. మొజార్ట్ స్వహస్తంతో రాసుకున్న ‘డాన్ జొవాన్నీ’ మూలప్రతి. 1855లో లండన్‌లో అమ్మకానికి వచ్చిందని తెలిసి, ఒంటిమీది నగలు అమ్మి కొన్నారు. ప్రత్యేకంగా ఒక పెట్టె చేయించి అందులో పెట్టారు. రోసినీ వచ్చినప్పుడు దాని ముందు మోకరిల్లారట. 1886లో చైకోవ్‌స్కీ వచ్చి పుటలు తిప్పి చూసి, ఉబ్బితబ్బిబ్బై ఇంటికి ఉత్తరం రాశారు. చిన్నప్పుడు న్యూయార్క్‌లో ఇంటిల్లిపాదీ ఆడిన ఒపేరాకు మూలప్రతి అది. వారసులకు విడిచిపెట్టకుండా పారిస్ కన్సర్వేటరీకి ఇచ్చేశారు. ఇప్పుడది ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయంలో ఉంది.

1904లో, 82 ఏళ్ల వయసులో, ఆమె ‘సాంద్రియోన్’ అనే ఒపేరాను ప్రచురించారు. మనం పిల్లలకు చెప్పే సిండ్రెల్లా కథే. వాద్యబృందం అక్కర్లేదు, ఏడు పాత్రలు, ఒక పియానో చాలు, కథంతా గంట పైచిలుకు. శిష్యులు ఇంట్లో ఆడుకోవడానికి. మాటలు కూడా ఆమే రాసుకున్నారు. మధ్యలో ఎవరికి నచ్చిన పాట వాళ్లు పాడుకోవడానికి ఒక విందు ఘట్టం ఖాళీగా వదిలారు.

వినాలనుకునేవారికి ఒకటి రెండు దారులు చెప్పి ముగిస్తాను. ఫిదెస్ కోసం అమెరికన్ మెజ్జో మెరిలిన్ హార్న్ రికార్డు చేసిన ‘ల ప్రొఫేత్’ వెతకండి. చివరి అంకంలో చెరసాల ఘట్టం నుంచి మొదలుపెట్టినా ఫరవాలేదు. పోలీన్ కట్టిన పాటల్లో ‘హవనేజ్’ను చెచీలియా బార్తొలి పాడారు. స్పానిష్, ఫ్రెంచి రెండు భాషల్లో నడిచే పాట, గార్సియాల ఇంటి మాట అందులో వినిపిస్తుంది. బెర్లియోజ్ ఆమె కోసం తయారుచేసిన ‘ఓర్ఫే’ ప్రతిని 2018లో పారిస్ ఒపేరా కొమిక్‌లో మళ్లీ ఆడారు. ఓర్ఫేగా మగవేషంలో పాడినవారు దక్షిణ ఫ్రాన్స్‌లోని బెజియే ఊరి మెజ్జో మరియాన్ క్రెబస్సా. ఆ వీడియో బయట దొరుకుతుంది. యురిదీస్ పడిపోయాక వచ్చే పాట దగ్గర పల్లవి మూడుసార్లు లెక్కపెట్టుకుంటూ వినండి.